ఒక్క చెయ్యెత్తిన పాట

ఆ ఆదివారం సాయంత్రం ఆ కచేరీని ముప్పై కోట్ల మంది చూశారని టీవీ వాళ్ళు మర్నాడు గొప్పగా చెప్పుకున్నారు. శుద్ధ అబద్ధం. చూసింది ఒక్కరే, మా అమ్మమ్మ. తక్కినవాళ్ళంతా టీవీల ముందు కళ్ళప్పగించి కూర్చున్నారు, అంతే. నమ్మనివాళ్ళు మా ఇంటికొచ్చి టీవీ అద్దం మీద సుద్దముక్కతో పెట్టిన గుర్తు చూసుకోవచ్చు. మా అమ్మ రెండుసార్లు తుడిచింది కానీ, వెలుతురు పక్కనుంచి పడితే ఇప్పటికీ కనిపిస్తుంది. సరిగ్గా వార్తలు చదివే ఆయన చెంప మీద ఉంటుంది.

అమ్మమ్మది కుట్టుపని. అరవై ఏడేళ్ళ మనిషి. అందులో నలభై నాలుగేళ్ళు ఒకే షాపులో, పంతొమ్మిదేళ్ళు ఒకే మిషన్ దగ్గర. ఆ షాపు రైలుపెట్టెలా పొడుగ్గా, ఇరుగ్గా ఉంటుంది. వరసగా అయిదు మిషన్లు. వీధివైపు గోడకి ఒకే ఒక్క కిటికీ. ఆ కిటికీ పక్క మిషన్ అమ్మమ్మది. మిగతా నలుగురూ పొద్దస్తమానం ట్యూబులైటు కింద కళ్ళు చికిలించుకుంటూ కుట్టాల్సిందే. నల్లబట్ట మీద నల్లదారం పని పడితే మాత్రం ఎంతటివాళ్ళైనా బట్ట పట్టుకుని అమ్మమ్మ పక్కకి రావాల్సిందే.

తాతయ్య పోయిన ఏడాది పాత యజమాని ఆ మిషన్ ఆవిడకి ఇచ్చాడు. జాలిపడి ఇచ్చాడని షాపులో గుసగుసలాడుకున్నారట. ఆ మాట అమ్మమ్మ చెవిన పడింది. మర్నాడు తను కుట్టిన కోటు ఒకటి తిరగేసి, లోపలి కుట్టు కిటికీ వెలుతురులో పట్టి, ఇందులో జాలి ఎక్కడుందో వెతికి చూపించండి అందట. మళ్ళీ ఎవరూ ఆ ఊసెత్తలేదు.

ఆవిడకి ఒక పట్టు ఉంది. ట్రయలుకి వచ్చినవాళ్ళని అద్దం ముందు నిలబెట్టి పంపించేయదు. రెండు చేతులూ పైకెత్తమంటుంది. బల్ల మీద కూర్చోమంటుంది. గట్టిగా ఊపిరి పీల్చమంటుంది. అప్పుడు చంక దగ్గర, నడుం దగ్గర కుట్టు ఎలా లాగుతోందో వేలితో తడిమి సుద్దతో గుర్తు పెడుతుంది. బట్ట నిలబడి ఉండటానికి కాదు, బతకడానికి అంటుంది. బడిపిల్లలు, బ్యాంకు మేనేజరు, ఎవరైనా ఒకటే. ఒకసారి ఉద్యోగమంతా ఎదుటివాళ్ళ చేత చేతులెత్తించిన పోలీసు అధికారి ఒకాయన అమ్మమ్మ ముందు రెండు చేతులూ ఎత్తి నిలబడ్డాడు. వీధిలో వాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. ఆ రోజు నుంచే ఆవిడకి చేతులెత్తమ్మ అని పేరు పడింది.

ఇక పాటల సంగతి. షాపులో ఒక రేడియో ఉండేది. ఆరేళ్ళ కిందట అందులో ఒక కొత్త పిల్ల పాడింది. డప్పులు, గిటార్లు, దడదడలాడే పాట. మిగతావాళ్ళు రేడియో తగ్గించమన్నారు. అమ్మమ్మ తగ్గించనివ్వలేదు. పెడల్ మీద ఆవిడ కాలు ఏ వేగంతో ఆడుతుందో ఆ పాట అదే వేగంతో నడిచిందట. అన్నేళ్ళలో తన కాలితో కలిసి నడిచిన పాట అదొక్కటేనట. అప్పట్నుంచి లోకానికి ఆ గాయని పేరు ఏదైనా, అమ్మమ్మకి పిల్లే. ఆ పిల్ల పాటల్ని నిమిషాల్లో లెక్కపెట్టదు. ఇది రెండు కర్టెన్ల అంచు పాట, అది ఒక కాలరు పాట, ఆ ఏడుపు పాట మూడు కాజాల పాట అంటుంది. పేపర్లో వచ్చిన బొమ్మ కత్తిరించి బాబిన్ల డబ్బా మూతలో అంటించుకుంది. ఆ మూత తెరిచినప్పుడల్లా చిన్నగా నవ్వుకుంటుంది. నేను చూశానని తెలిస్తే దగ్గుతుంది.

ఆ పిల్ల కచేరీ ఒకటి మొదటిసారి టీవీలో, జరుగుతుండగానే చూపిస్తామని ప్రకటన వచ్చింది. ఆదివారం సాయంత్రం ఆరింటికి. సరిగ్గా ఆ వారమే షాపుకి అరవై కోట్లు కుట్టే పని వచ్చింది. కొత్తగా తెరిచే హోటల్లో వడ్డించేవాళ్ళకి నల్లకోట్లు, సోమవారం పొద్దున్నే అందించాలి. ఇప్పుడు షాపు నడిపేది పాత యజమాని కొడుకు. కటింగ్ అంతా అతనే చేస్తాడు కాబట్టి అందరూ మాస్టరు అంటారు. యాభై ఏళ్ళు ఉంటాయి. మంచివాడే కానీ పని మీద పడితే చెవులు వినపడవు. గురువారం నాడు కత్తెర బల్ల మీద పెట్టి, ఆదివారం అందరూ రావాలన్నాడు, పని పూర్తయ్యేదాకా.

అమ్మమ్మ మిషన్ ఆపకుండానే చెప్పింది. "నా వంతు పన్నెండు కోట్లు. శనివారానికి అయిపోతాయి. ఆదివారం నేను రాను."

"ఏం అక్కా, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాలేదా?"

"అందరూ గుండ్రాళ్ళలా ఉన్నారు. ఆరింటికి టీవీలో పిల్ల కచేరీ ఉంది."

మిగతా నాలుగు మిషన్లూ ఒక్కసారి ఆగాయి. మాస్టరు మొదట నవ్వాడు. తర్వాత ఆవిడ నవ్వడం లేదని గమనించాడు. ఈ వయసులో గంతులేసే పాటల కోసం పని ఎగ్గొడితే జనం నవ్వుతారన్నాడు.

"నవ్వనీ. నవ్వితే గుండీలు ఊడతాయి. మనకే పని."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టరు మొహం ఎర్రబడింది. నలుగురి ముందూ మాట పడితే ఏ యజమానీ ఊరుకోడు. ఆదివారం రాకపోతే సోమవారం నుంచి కిటికీ పక్క మిషన్ మీద తన బామ్మర్ది కూర్చుంటాడన్నాడు. ఆలోచించుకోమన్నాడు. ఆ బామ్మర్ది నాలుగో మిషన్ మీద పనిచేసే కుర్రాడు, ముప్పై దాటాయి కానీ షాపులో కుర్రాడే. వాడు గభాలున తలొంచుకుని సూదిలో దారం ఎక్కించడం మొదలుపెట్టాడు. సూదిలో దారం అప్పటికే ఉంది.

"నిక్కరు జారిపోకుండా చేత్తో పట్టుకుని తిరిగేవాడివి నువ్వు, నేను ఈ షాపుకి వచ్చేసరికి" అంది అమ్మమ్మ. "సోమవారం చూద్దాంలే."

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే మా అమ్మ తల పట్టుకుంది. జ్వరమొచ్చిందని ఒక్క ముక్క చెబితే పోయేదానికి ఇంత రాద్ధాంతం ఎందుకంది.

"జ్వరమని చెబితే, పాట వినడం తప్పని నేనే ఒప్పుకున్నట్టు" అంది అమ్మమ్మ. ఆ తర్వాత ఇక ఆ మాటే మాట్లాడలేదు.

మాట్లాడని సంగతి ఇంకొకటి ఉంది. రెండేళ్ళుగా ఆవిడకి కుడికన్ను ట్యూబులైటు కింద నీరు కారుతోంది. కిటికీ వెలుతురులో అయితే సూదిబెజ్జం కనిపిస్తుంది. లోపలికి జరిగితే కనిపించదు. కిటికీ పోతే మిషన్ మారినట్టు కాదు, చేతిలో పని పోయినట్టే. ఈ సంగతి షాపులో ఎవరికీ తెలియదు. శనివారం సాయంత్రం పన్నెండో కోటు ఆఖరి కుట్టు కొట్టి, దారం కత్తిరించి, ఆవిడ కాసేపు ఆ కిటికీ చువ్వల్ని చూస్తూ కూర్చుంది. తర్వాత మిషన్ మీద గుడ్డ కప్పి, ఆ గుడ్డ ముడతలు రెండుసార్లు సవరించి, ఇంటికొచ్చేసింది.

ఆదివారం అయిదున్నరకే అమ్మమ్మ మంచిబట్టలు ఇస్త్రీ చేసుకుని కట్టుకుంది. కుర్చీ లాక్కుని టీవీకి మూరెడు దూరంలో కూర్చుంది. మా నాన్న బస్సు డ్రైవరు, ఆదివారం సెలవు. ఆయనకి అత్తగారి ముడి తప్ప టీవీ కనిపించడం లేదు. అత్తయ్య గారు కొంచెం పక్కకి జరిగితే తామూ తరిస్తామన్నాడు. జరగలేదు. కింది వాటాలో ఉండే సంగీతం టీచరమ్మ కూడా పైకొచ్చింది. ఆవిడ ముప్పై ఏళ్ళు బడిలో పాటలు నేర్పి రిటైరైంది. ఇలాంటి పాటలంటే ఆవిడకి ఒళ్ళు మంట. అయినా వచ్చింది, తన స్టూలు తనే మోసుకుని మరీ.

ఆరయింది. మైదానం నిండా జనం. అందరి చేతుల్లోనూ చిన్నచిన్న దీపాలు. వేదిక మీద నాలుగంతస్తుల మేడంత నల్లతెర. చీకటి పడకముందే లైట్లు వెలిగి, తెర చీలి, పొగలోంచి నలభై మంది డాన్సర్లు దూసుకొచ్చారు. మా అమ్మ అబ్బా అంది. అమ్మమ్మ మాత్రం, అంత తెర ఎవరు మడతపెడతారో పాపం అంది. అంచు చేత్తో కుట్టారా మిషన్ మీదా అని కళ్ళు టీవీకి ఆనించి చూసింది. అంతలో పైనుంచి ఇనుపకొక్కేనికి వేలాడుతూ పిల్ల దిగింది. జనం అరుపుకి మా టీవీ పెట్టె గడగడలాడింది. అమ్మమ్మ కాలు దానంతట అది నేల మీద పెడల్ తొక్కడం మొదలుపెట్టింది.

మొదటి పాట కాగానే టీచరమ్మ తీర్పు చెప్పేసింది. అంత గెంతుతూ ఎవరూ పాడలేరట. ముందే రికార్డు చేసిన పాట వేసి పెదవులు ఆడిస్తారట.

"ఇదంతా తోలుబొమ్మలాట వదినగారూ. మీరు అమాయకులు కాబట్టి నమ్ముతున్నారు."

మా నాన్న కూడా తలూపాడు. తమ డిపోలో అందరూ అదే అంటారన్నాడు. అమ్మమ్మ వెనక్కి తిరగలేదు.

నాలుగో పాట ముందు లైట్లు ఆరిపోయాయి. చీకట్లో నల్లబట్టల మనుషులు ఆరుగురు పిల్ల చుట్టూ మూగారు. లైట్లు వెలిగేసరికి పిల్ల ఒంటి మీద వెండిగౌను. మైదానమంతా హోరెత్తింది. అమ్మమ్మ మొహం మాత్రం మాడిపోయింది. ఎడమచంక దగ్గర ఎత్తి కోశారని అంది. బట్టకి సాగే గుణం లేదంది. నిలబెట్టి కొలిచి కుట్టారు, ఎవరూ చేతులెత్తించి చూడలేదంది. లేచి వెళ్ళి తన సంచీలోంచి సుద్దముక్క తెచ్చింది. మేం ఏమిటా అని చూస్తుండగానే టీవీ అద్దం మీద, పిల్ల ఎడమచంక ఉన్నచోట, అడ్డంగా ఒకటీ నిలువుగా ఒకటీ గీత గీసింది. నలభై నాలుగేళ్ళ చేతివాటం మరి. పిల్ల ఎగిరి అటువైపు పోయింది. గుర్తు ఇక్కడే ఉండిపోయింది.

"అత్తయ్యా, మీ గుర్తు ఇప్పుడు డ్రమ్ములవాడి ముక్కు మీద ఉంది" అన్నాడు నాన్న.

"ఉండనీ" అంది అమ్మమ్మ. మళ్ళీ కుర్చీ అంచున కూర్చుని టీవీతో మాట్లాడటం మొదలుపెట్టింది. ఆ చెయ్యి ఎత్తకే అమ్మా, నా మాట విను, ఎత్తకు.

పిల్ల ఎత్తింది. పాట పతాకస్థాయికి వెళ్ళే చోట రెండు చేతులూ ఆకాశానికి ఎత్తింది. జానెడు మేర కుట్టు విడిపోవడం అమ్మమ్మ చూసింది. ఇంకెవరికీ కనిపించలేదు. కెమెరా అప్పటికే జనం మీదికి తిరిగింది. వినపడింది మాత్రం అందరికీ. మాట మధ్యలో పిల్ల గొంతు చటుక్కున తెగింది, ఒక ఊపిరి తీసింది, మళ్ళీ అందుకుంది.

"చూశారా, శ్రుతి తప్పింది" అంది టీచరమ్మ.

అమ్మమ్మ అప్పుడు వెనక్కి తిరిగింది. "రికార్డు కదా వదినగారూ. రికార్డుకి ఊపిరెందుకు కావాల్సొచ్చింది?"

టీచరమ్మ స్టూలు కొంచెం ముందుకి జరుపుకుంది. మా నాన్న కిటికీలోంచి బయటికి చూశాడు, అక్కడేదో ఉన్నట్టు.

కెమెరా తిరిగి వచ్చేసరికి పిల్ల ఎడమమోచెయ్యి పక్కటెముకలకి అంటించి పట్టుకుని ఉంది. వెళ్ళిపోవచ్చు. వెనక నల్లబట్టల మనుషులు సూదులూ పిన్నులూ పట్టుకుని కాసుక్కూర్చునే ఉంటారు. లైట్లు ఆర్పమని ఒక్క సైగ చేస్తే చాలు. వెళ్ళలేదు. కుడిచెయ్యి ఒక్కటే ఎత్తి, ఎడమచెయ్యి ఒంటికి అదుముకుని, ఆ పాట అంతా అలాగే పాడింది. పక్కనున్న డాన్సరు ఒకమ్మాయి అది గమనించి తన ఎడమచెయ్యి కూడా ఒంటికి అంటించింది. ఆ పక్కది చూసి ఇంకొకతె. నాలుగు చరణాలు తిరిగేసరికి నలభై మందీ ఒంటిచేత్తోనే ఆడుతున్నారు. ఆ తర్వాత మైదానంలో జనం. కొన్ని వేల కుడిచేతులు, కొన్ని వేల దీపాలు, ఎడమచేతులు కనపడితే ఒట్టు.

అమ్మమ్మ లేచి నిలబడింది. కుడిచెయ్యి ఎత్తింది. ఎడమమోచెయ్యి పక్కకి అదుముకుంది. నాన్న నవ్వబోతే అమ్మ తొడపాశం పెట్టింది. పాట అయిపోయేదాకా అమ్మమ్మ అలాగే నిలబడింది. కుడికంటి నీళ్ళు తుడుచుకోలేదు. ట్యూబులైటు కారణమని నాకు తర్వాత చెప్పింది. అప్పుడు ఇంట్లో లైటే వెయ్యలేదు.

చివర్లో టీచరమ్మ స్టూలు ఎత్తుకుంటూ, పాడుతోందిలెండి, నిజంగానే పాడుతోంది అని గొణిగి మెట్లు దిగిపోయింది.

సోమవారం అమ్మమ్మ రోజూ వెళ్ళే వేళకే వెళ్ళింది. కిటికీ పక్క మిషన్ మీద బామ్మర్ది కూర్చుని ఉన్నాడు. మాస్టరు బట్ట కత్తిరిస్తున్నట్టు నటిస్తూ ఆవిడ ఏమంటుందో అని చూస్తున్నాడు. అరుస్తుందనుకున్నాడు, లేకపోతే బతిమాలుతుందనుకున్నాడు. అమ్మమ్మ తన స్టూలు, కత్తెర, బాబిన్ల డబ్బా తీసుకుని బయటికి నడిచింది. వీధిలో, సరిగ్గా ఆ కిటికీ కింద, మెట్టు మీద స్టూలు వేసుకుని కూర్చుంది. కిటికీ చువ్వల్లోంచి చెయ్యి లోపలికి చాచింది.

"కాజాలు, హుక్కులు, అంచులు ఏమున్నాయో ఇలా అందించు. వెలుతురు ఇక్కడ ఇంకా బాగుంది."

చేతిపని ఆవిడలా చేసేవాళ్ళు షాపులో లేరు. ఇవ్వక తప్పలేదు. అలా మొదలైంది ఆవిడ వీధి కాపురం. వచ్చే గిరాకీ ముందు ఆవిడ దగ్గరే ఆగేది. కొలతల తగాదాలన్నీ మెట్టు మీదే తేలిపోయేవి. నాలుగో రోజు జల్లు పడితే గొడుగు కిటికీ చువ్వకి కట్టుకుంది. మాస్టరు బయటికొచ్చి, లోపలికి రా అక్కా, జనం చూసి నవ్వుతున్నారు అన్నాడు. అమ్మమ్మ తల ఎత్తకుండా గుండీల డబ్బా తీసి, సిద్ధంగా ఉన్నాయి అన్నట్టు ఒకసారి గలగలలాడించింది.

ఆ రోజుల్లో ఆవిడకి ఇంకో బాధ. వీధిలో పిల్లలంతా ఎడమమోచెయ్యి పక్కకి అంటించి, కుడిచెయ్యి ఎత్తి గెంతేవాళ్ళు. అదేదో కొత్త స్టెప్పని పేపర్లో కూడా రాశారు. గౌను చంక చిరిగిందని అమ్మమ్మ కనపడినవాళ్ళందరికీ చెప్పింది. ఒక్కరూ నమ్మలేదు. కిటికీ లోపల్నుంచి బామ్మర్ది కూడా జాలిగా చూసి, "చిరగడమేంటి పెద్దమ్మా, ఆ స్టెప్పు నేర్చుకోవడానికి వాళ్ళకి ఏడాది పట్టిందట" అన్నాడు. అమ్మమ్మ వాడి వంక చూసి, సూది నోట్లో పెట్టుకుంది. అనాల్సినవి సూది వెనకే ఆగిపోయాయి.

తొమ్మిదో రోజు హోటలు నుంచి మూట వచ్చింది. అరవై కోట్లలో పద్నాలుగు తిరిగొచ్చాయి. పళ్ళేలు పైకెత్తగానే చంకల దగ్గర పర్రుమన్నాయట. ఒకాయన పులుసుగిన్నెతో సహా చెయ్యి దించేశాడట. మాస్టరు ఒక్కొక్కటీ తిరగేసి కాలరు లోపల చూశాడు. ఎవరు కుట్టింది తెలియడానికి అక్కడ ఒక్కొక్కళ్ళూ ఒక్కో రంగు దారంతో చిన్న కుట్టు వేస్తారు. అమ్మమ్మది పసుపు. నీలం, ఎరుపు, ఎరుపు, ఆకుపచ్చ. పదమూడింట్లో పసుపు లేదు. పద్నాలుగోది తిరగేసిన బామ్మర్ది కళ్ళు మెరిశాయి. ఏమీ అనకుండా కాలరు మాత్రం అందరికీ కనపడేలా పట్టుకున్నాడు.

అమ్మమ్మ చువ్వల్లోంచి చెయ్యి పెట్టి ఆ కోటు లాక్కుంది. కుట్టు వేలితో తడిమింది.

"నాదే" అంది. "శనివారం ఆఖరిది. ధ్యాసంతా కచేరీ మీద పెట్టి కుట్టాను."

ఈ ముక్క రాయొద్దని ఆవిడ నాకు గట్టిగా చెప్పింది. రాయకపోతే ఆవిడ ఎలాంటి మనిషో మీకు తెలియదు కాబట్టి రాశాను.

తప్పు ఒప్పుకున్న మనిషి మీద ఎలా ఎగరాలో మాస్టరుకి తోచలేదు. ఆ సందులో అమ్మమ్మ మిగతా మాట చెప్పేసింది.

"పద్నాలుగూ విప్పి నేనే కుడతాను. కానీ నా మిషన్ మీద. అవి తొడుక్కునేవాళ్ళు వచ్చి నా ముందు చేతులెత్తాలి. అది కుదరదంటే ఈ మెట్టు నాకు బాగానే ఉంది."

మాస్టరు ఏమనేవాడో తెలియదు. అనే అవసరం రాలేదు. అప్పుడు మధ్యాహ్నం మూడున్నర. మూడు నుంచి నాలుగున్నర దాకా ఆ కిటికీలోంచి ఎండ సూటిగా మొహం మీద కొడుతుంది. ఏ చువ్వకి ఎంత అట్టముక్క ఆనించాలో అమ్మమ్మకి తప్ప ఎవరికీ తెలియదు, ఆవిడ చెప్పలేదు కూడా. తొమ్మిది రోజులుగా ఆ ఎండకి ఎదురుగా కుట్టీ కుట్టీ బామ్మర్ది కళ్ళు మిరపపళ్ళయ్యాయి. వాడే లేచి నిలబడి, కూర్చో పెద్దమ్మా, నీ ఎండ నువ్వే భరించు అని తన పాత మిషన్ దగ్గరికి వెళ్ళిపోయాడు. అమ్మమ్మ లోపలికొచ్చి, బాబిన్ల డబ్బా అడుగున దాచిన అట్టముక్క తీసి రెండో చువ్వకి ఆనించి, మిషన్‌కి నూనె వేసింది.

రెండు రోజుల తర్వాత హోటలు వాళ్ళు పద్నాలుగు మందీ పళ్ళేలతో సహా వచ్చారు. షాపులో చోటు చాలక అమ్మమ్మ వాళ్ళని వీధిలోనే వరసగా నిలబెట్టింది. ఎత్తండి అంది. పద్నాలుగు జతల చేతులు పైకి లేచాయి. ఒక కొంటె మనిషి మాత్రం ఎడమమోచెయ్యి పక్కకి అంటించి, కుడిచెయ్యి ఒక్కటే ఎత్తి, నడుం ఊపాడు. అందరూ ఘొల్లుమన్నారు. అమ్మమ్మ వాడి దగ్గరికి వెళ్ళి, వాడి ఎడమచెయ్యి పట్టుకుని పైకి లేపింది.

"నా దగ్గర రెండోది కూడా ఎత్తొచ్చు నాయనా. చిరగదు."

చిరగలేదు.

ఇదంతా రాసి, నిన్న సాయంత్రం అమ్మమ్మకి చదివి వినిపించాను. ఆవిడ కిటికీ దగ్గర కాజా కుడుతూ, మధ్యలో ఎక్కడా తల ఎత్తకుండా విన్నది. పసుపుదారం దగ్గర మాత్రం సూది ఒక్క క్షణం ఆగింది. అయిపోయాక ఎలా ఉందని అడిగాను. దారం పంటితో తెంపింది.

"పొడుగైంది. కింద నాలుగు వేళ్ళు మడిచి కుట్టెయ్."